నమూనా విమానానికి సర్వో బలమెంత?

కొల్లేటి ఆటపాకలో గూడబాతు నీటిపై వాలేటప్పుడు తోక విప్పి, రెక్కలు వంచి గాలిని అదుపు చేసుకొంటుంది. రేడియోతో నడిపే పెద్ద పెట్రోలు నమూనా విమానంలో రెక్కల అంచులను, తోక పలకలను తిప్పేది సర్వో. అనగా పళ్ళచక్రాలు గల చిన్న విద్యుత్ మోటారు.

సర్వోకు 20 కిలో-సెంటీమీటర్ల శక్తి అంటే, ఇరుసుకు 1 సెం.మీ. దూరంలో 20 కిలోల బలం, 2 సెం.మీ. దూరంలో 10 కిలోలే.

గాలి తాకిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 50 కి.మీ. వేగంలో పలకను కొంత కోణం తిప్పడానికి 4 కిలో-సెం.మీ. చాలితే, 100 కి.మీ. వేగంలో అదే కోణానికి 16 కావాలి. నిటారుగా దిగేటప్పుడు వేగం ఇంకా హెచ్చుతుంది. అప్పుడు సర్వో చాలకపోతే పలక తిరగదు. బరువైన విమానం తిరిగి పైకి లేవక చూపరుల మీదనే పడవచ్చు. కావున సర్వోను సగటు వేగానికి గాక, గరిష్ఠ వేగానికి లెక్కకట్టి, పైన కొంత మిగులు ఉంచి ఎంచుకోవాలి.