స్వస్థల నిర్దేశం – మారే జిల్లా సరిహద్దులు: గుంటూరు, ప్రకాశం ప్రాంత ప్రముఖుల పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రముఖులను 'జిల్లా ముద్దుబిడ్డ'లుగా పేర్కొనడం తెలుగు పత్రికల్లో స్థిరపడిన సంప్రదాయం. జిల్లాల చరిత్రలు, జిల్లా సాహిత్యంపై వచ్చే సిద్ధాంత గ్రంథాలు కూడా ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. జిల్లా అనేది పరిపాలన కోసం ఏర్పరచిన విభాగం. దాని హద్దులు స్థిరం కావు. ఈ కారణంగా స్వస్థల నిర్దేశంలో తలెత్తే చిక్కులను మూడు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: స్వస్థలం, జిల్లా, పత్రికలు, టంగుటూరి ప్రకాశం, చీరాల.

1. ప్రవేశిక:
పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలకు ఈ పేర్లతో ప్రాచీనమైన ఎల్లలు లేవు. కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని ప్రాంతాలను వేరుచేసి 1970లో ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో బాపట్ల, పల్నాడు జిల్లాలు అవతరించాయి.

2. టంగుటూరి ప్రకాశం:
ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో జన్మించారు. అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అంటే తన పేరు పెట్టుకున్న జిల్లాలో ఆయన పుట్టలేదు. ఆయన పుట్టిన నేలకు దాదాపు వంద సంవత్సరాల తరువాత ఆయన పేరు వచ్చింది. తండ్రి మరణానంతరం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కుటుంబాన్ని పోషించారు. ప్రకాశం రాజమహేంద్రవరంలో పురపాలక సంఘాధ్యక్షులుగా, మద్రాసులో న్యాయవాదిగా ఎదిగారు. 1921లో 'స్వరాజ్య' పత్రికను స్థాపించింది మద్రాసులోనే. 1928లో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో పోలీసు తుపాకులకు ఎదురునిలిచిందీ ఆ నగరంలోనే. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ఆయన పాలన సాగించిన రాజధాని కర్నూలు. జన్మస్థలాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకుంటే ఈ కార్యక్షేత్రాలన్నీ మరుగునపడతాయి.

3. చీరాల – రెండు భిన్న సందర్భాలు:
'నేషనల్ హెరాల్డ్' సంపాదకులుగా ప్రసిద్ధులైన కోటంరాజు రామారావు 1896లో చీరాలలో జన్మించారు. చీరాల అప్పుడు కృష్ణా జిల్లాలోనిది. తరువాత వరుసగా గుంటూరు, ప్రకాశం, బాపట్ల జిల్లాలకు చెందింది. కాబట్టి నాలుగు జిల్లాల చరిత్రకారులూ ఆయనను తమవాడిగా చెప్పుకోవచ్చు. లేదా ఎవరికి వారు పక్క జిల్లావాడిగా భావించి వదిలివేయవచ్చు. రెండవదే ఎక్కువ నష్టం.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య విషయం ఇందుకు భిన్నమైనది. ఆయన జన్మస్థలం పెనుగంచిప్రోలు. అయినా చరిత్రలో ఆయన పేరు చీరాలతో పెనవేసుకొంది. పురపాలక సంఘం ఏర్పాటును నిరసిస్తూ 1921లో చీరాల–పేరాల ప్రజలు ఇళ్ళు విడిచి రామనగరులో నివసించినప్పుడు వారికి నాయకత్వం వహించినది ఆయనే. ఇక్కడ పుట్టుక కంటే ఉద్యమమే ఊరితో బంధాన్ని నిర్ణయించింది.

4. పత్రికలు – పేరు గలవారు, పేరు లేనివారు:
1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలను ప్రారంభించిన తరువాత ఊరి వార్తకు పత్రికలో చోటు పెరిగింది. అదే సమయంలో ఆ వార్త జిల్లా హద్దుకు పరిమితమయ్యే పరిస్థితీ ఏర్పడింది. ప్రముఖుడి వార్త హద్దులు దాటుతుంది. సామాన్యుడి వార్త అక్కడే ఆగుతుంది. అంతకు ముందే, 1987–88లో తెల్లదోమ తాకిడికి పత్తి పంట దెబ్బతిని, అప్పులపాలై ఈ రెండు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. వారూ ఈ నేల బిడ్డలే. కానీ చరిత్ర రచనలో వారు పేర్లుగా కాక సంఖ్యగానే మిగిలారు.

5. ముగింపు:
జిల్లాను ప్రాతిపదికగా చేసుకొనే పరిశోధకులు ఒక్కొక్క వ్యక్తికి జన్మగ్రామం, నాటి జిల్లా, నేటి జిల్లా, కార్యక్షేత్రం అనే నాలుగు అంశాలను విడివిడిగా నమోదు చేయడం అవసరం. గ్రామాన్ని మూలప్రమాణంగా గ్రహిస్తే సరిహద్దులు మళ్ళీ మారినా నమోదు చెదరదు. పేరు పొందినవారితో పాటు పేరు దక్కనివారికీ ఆ నమోదులో స్థానం కల్పించినప్పుడే ప్రాంతీయ చరిత్ర సమగ్రమవుతుంది.