వార్ధక్య పరిశీలన : చాదస్తమను మాట

వార్ధక్యమును కొలుచుటకు రెండు కొలతలు వాడుకలో నున్నవి. ఒకటి యేండ్ల లెక్క. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో చేసిన కేంద్రచట్టము 60 ఏండ్లు నిండినవారిని వయోవృద్ధులుగా గణించినది. రెండవది వైద్యుని కొలత. ఈ రెండును అవసరములే. కాని ముదుసలి పలికిన మాటను ఇంటివారు ఏమని విందురను ప్రశ్నకు వీనిలో సమాధానము దొరకదు. సంస్కృతిదృష్టితో వార్ధక్యమును పరిశీలించువారు ఈ ప్రశ్నతోనే మొదలిడవలెనని నా యభిప్రాయము.

ఈ మార్గమున అమెరికా మానవశాస్త్రజ్ఞుడు లారెన్స్ కోహెన్ కాశీనగరమున చేసిన కృషి మిక్కిలి విలువైనది. ఆయన గ్రంథము 1998లో వెలువడినది. హిందీలో 'సఠియానా' యను క్రియ గలదు. 'సాఠ్' అనగా అరువది. అరువదిలో పడుట యనగా మతి చలించుట. వృద్ధుడు కోపించినను, ఒకే ఫిర్యాదును పదేపదే చేసినను, పాశ్చాత్యవైద్యము దానిని మెదడునకు సోకిన వ్యాధిగా వినును. కాశీలోని మధ్యతరగతివారు ఆ గొంతులో కొడుకులు, కోడండ్రు సరిగా చూడని యింటి దోషమును విందురు. అదే నగరమునందలి దళితవాడలో మాట బలహీనతమీదికి పోయెడిది. ఆ బలహీనతలో వయస్సు పాలెంత, తరతరముల పేదరికము పాలెంత యని విడదీయుట సులభము కాదు.

అరువది మనకు షష్టిపూర్తి. ప్రభవాది చక్రము ముగిసి పుట్టిన సంవత్సరము మరల వచ్చును. దంపతులకు మరల పెండ్లి చేయుదుము. ఇంతమాత్రమున తెలుగువారు వృద్ధులను ఎగతాళి చేయరని తలపరాదు. మన యెగతాళి సంఖ్యలో లేదు, 'చాదస్తము'లో నున్నది.

ఛందస్సనగా వేదము, ఛాందసుడు వేదాధ్యయనపరుడు. ఆ గౌరవపదమే లోకజ్ఞానము లేనివానికి పేరై, తుదకు ముసలివారి నసకు స్థిరపడినది. వేదము చెవిని పడని అవ్వకును నేడు చాదస్తమే! ఈ మాట చేయు పని సూక్ష్మమైనది. గడియ వేసితివా యని తాత నాలుగవసారి అడిగినచో, "చాదస్తం" అని నవ్వి ఊరకుందురు. అది వ్యాధి కాదు, ఇంటివారి తప్పును కాదు. అందులో ప్రేమయు గలదు. అయితే ఆ నవ్వు చాటున మతిమరపు వ్యాధి యేండ్ల తరబడి గుర్తింపబడకుండ పెరుగవచ్చును. తన్నడుగక పొలము వ్రాయించుకొన్నారన్న తల్లి మొరయు ఆ ఖాతాలోనే జమపడవచ్చును.

గ్రంథములనుండి వృద్ధుల మనస్సును ఊహించుటలోను ప్రమాదమున్నది. ఆశ్రమధర్మములు చదివినవాడు వృద్ధునియందు వైరాగ్యమును వెదకును. పశ్చిమబెంగాలులోని మంగళ్‌డీహి గ్రామమున పరిశీలన జరిపిన సారా లాంబ్‌తో అచటి పెద్దలు చెప్పినది వేరు: ఏండ్లు గడచినకొలది మనుష్యులమీద, వస్తువులమీద మాయ పెరుగును, తెంచుకొనుట కష్టమగును. ఆమె గ్రంథము 2000లో వచ్చినది.

మన పరిశోధక విద్యార్థులు 'చాదస్తము'నకు నిఘంటువు ఇచ్చిన యర్థముతో తృప్తి పడరాదు. ఆ మాటను ఎవరు, ఎవరి నుద్దేశించి, ఎవరి యెదుట పలికిరో, దానికి ముందు ఆ వృద్ధుడేమి యడిగెనో వ్రాసికొనవలెను. వృద్ధులే దానిని తమమీద వేసికొను సందర్భములు మరింత విలువైనవి. "నా చాదస్తం గానీ" యని మొదలుపెట్టి వారేదో యడుగుదురు. ముందుగానే మన్నింపు కోరుకొని యడిగిన యా ప్రశ్న యేదియో, దానికి ఇంటిలో ఎవరైన బదులు చెప్పిరో లేదో, అదియు వ్రాతలోనికి రావలెను.