గరిజె, కజ్జికాయ: ఒక పండుగ పిండివంట పేరును గూర్చిన విచారము

సంక్రాంతికి మూఁడు నాలుగు దినములు ముందుగానే హైదరాబాదు నగరమునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు గ్రామములలో పిండివంటల పని మొదలగును. సికింద్రాబాదునుండి మన్మాడునకుఁ బోవు రైలుమార్గముమీఁద, మేడ్చల్‌కు ముందు వచ్చు చిన్న స్టేషను గౌడవెల్లి. ఆ ప్రాంతమున సకినములు, అరిసెలు, మురుకులు మొదలగువానితోపాటు చేయఁబడు తీపివంటకము మఱియొకటి కలదు. గుండ్రని పొరలోఁ దీపిపొడి నించి, అర్ధచంద్రాకారమున మడిచి, నూనెలో వేఁచిన యీ భక్ష్యమును తెలంగాణమువారు 'గరిజెలు' అనియు, వడిగాఁ బలుకునపుడు 'గర్జెలు' అనియు వ్యవహరింతురు. కృష్ణా గోదావరీ మండలములవారు దీనినే 'కజ్జికాయలు' అందురు.

గ్రంథములయందుఁ బ్రాయికముగాఁ గనఁబడునది రెండవ పేరే. అందువలన తెలంగాణపు విద్యార్థి తన యింటిమాటగా 'గర్జెలు' అని వ్రాసినచో, ఉపాధ్యాయుఁడు దానిని గొట్టివేసి 'కజ్జికాయలు' అని దిద్దుట సంభవించును. ఆ దిద్దుబాటు న్యాయమా? గరిజె యనునది కజ్జికాయకు వికృతరూపమా, లేక తనంతఁ దాను సిద్ధమైన పదమా? ఇదియే యిచ్చట విచార్యము. అర్థము నిర్ణీతము గానిదే శబ్దనిర్ణయము పొసఁగదు గావున ముందుగా వస్తుస్వరూపమును దెలిసికొనుట యుక్తము.

వస్తుస్వరూపము

గరిజెకు అంగములు రెండు: పైపొర, లోనిపొడి. పైపొరకు గోధుమపిండిని గాని మైదాపిండిని గాని తీసికొందురు. రెండు సోలల పిండికి ఒక గిద్దెడు నేయి కాఁచి, చిటికెడు ఉప్పు వేసి, వేఁడిగా నుండఁగనే పిండిలోఁ బోసి, చేయి కాలకుండ ముందు గంటెతోఁ గలిపి, పిదప వ్రేళ్ళతో నలుపుదురు. పిడికిటఁ బట్టిన పిండి ముద్దగా నిలిచి, వ్రేలు సోఁకఁగానే రాలిపోయినచో నేయి సరిపోయినదని గుర్తు. ఈ నేయి పిండికణముల నావరించి, నీరు చేరినపుడు పుట్టు సాగుగుణమును అడ్డగించును. పొర పెళుసుగా విఱుగుటకు ఇదియే కారణము. నేయి తక్కువైనచోఁ బొర తోలువలె గట్టిపడును. హెచ్చైనచో నూనెలోనే విడిపోవును. తరువాతఁ గొద్దికొద్దిగా నీరు చిలికి గట్టిగాఁ దడిపి, తడిబట్ట కప్పి అరగంట యుంతురు.

లోనిపొడియందు ఇంటింటికి భేదము కలదు. కుడుక తురుము, నువ్వులు, పల్లీలు, పుట్నాలు, నేతిలో వేఁచిన రవ్వ, వీనిలోఁ గొన్నిటినో అన్నిటినో చేర్చి, బెల్లము గాని చక్కెర గాని కలిపి, యాలకుల పొడి చల్లుదురు. కోస్తామండలములవారు ఎండుకొబ్బరి యనుదానినే తెలంగాణమువారు కుడుక యందురు. సంక్రాంతినాఁడు నువ్వులకును బెల్లమునకును ప్రాధాన్యము గలదు గావున ఆ పండుగనాఁటి గరిజెలలో నివియే తఱచుగాఁ గానవచ్చును. ఈ ద్రవ్యముల నన్నిటిని ఒక్కమాఱుగా వేఁచరాదు. నువ్వులు చిటపటలాడఁగానే దింపవలయును. పల్లీలకు అంతకంటె నెక్కువసేపు పట్టును. రెంటిని గలిపి వేఁచినచో నువ్వులు మాడి చేఁదగును, లేదా పల్లీలు పచ్చిగా నుండును. వేఁచినవి చల్లాఱిన పిదపనే తీపి చేర్పవలయును. వేఁడిమీఁదఁ జేర్చినచోఁ దీపి కరఁగి పొడి ముద్దకట్టును.

నిమ్మకాయంత యుండను పలుచగా నొత్తి, నడుమ ఒక చెంచాడు పొడి పోసి, అంచునకు నీటితడి గాని పాలతడి గాని పూసి, సగమునకు మడిచి నొక్కుదురు. చేయి తిరిగినవారు ఆ యంచును వ్రేళ్ళతో మెలికలుగాఁ ద్రిప్పుదురు. కొందఱు నడుమ మడఁత గల అచ్చులో నుంచి మూయుదురు. అట్టి అచ్చులు కొయ్యతోను, లోహముతోను, ఇటీవలఁ బ్లాస్టిక్కుతోను చేయఁబడుచున్నవి. మెలిక యొక్క అలంకారమాత్రము కాదు. పొరలోఁ జిక్కిన గాలియుఁ దేమయు నూనెవేఁడికి వ్యాకోచించి వెలుపలికిఁ ద్రోయును. ఆ త్రోపునకు నిలుచునది అంచే. ఒక్క గరిజె విచ్చినను లోనిపొడి నూనెలో రాలి మాడి, తరువాత వేసినవాని మీఁద నల్లని చుక్కలై యంటును. మూకుటి నూనె నంతటిని మార్పవలసివచ్చును. కావుననే మడుచువారు ఒకరు, వేఁచువారు ఒకరుగాఁ గూర్చున్న యింట, అంచు నొక్కు పని అనుభవము గలవారి చేతికే వచ్చును.

మంట మధ్యమముగా నుండవలయును. నూనె మిక్కిలి కాఁగినచో పొరమీఁద బుడగలు లేచి, పైన నెఱ్ఱబడి లోపలఁ బచ్చిగా నుండును. చాలినంత కాఁగకున్నచో పొర నూనెను పీల్చును. తెలంగాణపు వాడుకలో నూనెలో వేఁచుటకు 'గోలించుట' యని పేరు. లేఁతబంగారువన్నె వచ్చినంతనే తీసి, చల్లాఱిన పిదప మూఁతగల పాత్రలో నుంచినచోఁ బదిపదునైదు దినములు చెడకుండును. కుడుకకు బదులు పచ్చికొబ్బరి వేసినచో తేమవలన రెండు మూఁడు దినములకు మించి నిలువవు.

పూర్ణము, పొడి

ఇచ్చట రెండు మాటలను వేఱుపఱుపవలసియున్నది. బొబ్బట్టులో నుంచు పప్పుబెల్లముల తడిముద్దకుఁ 'బూర్ణము' అని పేరు. గరిజెలోనిది పొడి. తడిపూర్ణము పెనముమీఁదఁ గాలును గాని, మూసిన పొరలో నూనెవేఁడికి ఆవిరియై అంచును జీల్చును. కావున ఈ భేదము మాటలలోనిది మాత్రమే కాదు, వంటలోనిది.

'పూర్ణము' అను పేరును గొంత విచారింపఁదగియున్నది. సంస్కృతమున పూర్ణశబ్దము నిష్ఠాంతము. నిండినది యని యర్థము. ఆ న్యాయమున నింపఁబడిన బొబ్బట్టు పూర్ణము కావలయును. నింపెడి ముద్ద పూరణము కావలయును. మహారాష్ట్రులు 'పూరణ్' అనియే యందురు. కర్ణాటులు పకారమునకు హకారము వచ్చిన 'హూరణ' రూపమును వాడుదురు. తెలుఁగువారు మాత్రము పూర్ణమందురు. భావార్థమున నిష్ఠ కలదని సమర్థింపవచ్చును. అయినను అంతకంటె సులభమైన మార్గము తెలుఁగు వాడుకలోనే యున్నది. గ్రామలేఖకునకుఁ బేరైన 'కరణము' నోటివాడుకలో 'కర్ణము' అయినది. అందు నడిమి యకారము లోపించినది. ఆ త్రోవనే పూరణము పూర్ణమైనది. వ్రాయువారు దానిని సంస్కృతపూర్ణశబ్దమే యని తలఁచుటచే ఆ మార్పు ఎవరికిని తప్పుగాఁ దోఁపలేదు. ఈ యుదాహరణము ముందు ఉపయోగించును.

పాణినీయమున జాడ

పొడితోఁ గూడిన అపూపమును గూర్చి పాణిని 4-4-23 సూత్రమునఁ జెప్పినాఁడు. 'దానితోఁ గలిసినది' అను అర్థమున, అంతకు ముందరి సూత్రముచే ఠక్ ప్రత్యయము సామాన్యముగా విహితము: దధితోఁ గలిసినది దాధికము. ఆ లెక్కను చూర్ణముతోఁ గలిసినది 'చౌర్ణికము' కావలసియుండఁగా, పాణిని చూర్ణశబ్దమునకుఁ బ్రత్యేకముగా ఇనిప్రత్యయమును విధించి 'చూర్ణి' యను రూపమును సాధించెను. క్రీ. శ. 7వ శతాబ్దమునాఁటి కాశికావృత్తి దీనికి అపూపములనే యుదాహరించినది.

దీనినిబట్టి పాణినికాలముననే గరిజె యుండెనని చెప్పుట సాహసము. సంసృష్టమనఁగాఁ గలిసినది యనియే యర్థము. పొడి లోపల నుండినను, పైనఁ జల్లఁబడినను, పిండిలోనే కలిసినను సూత్రము వర్తించును. అంతఃపూరణము శబ్దమువలన సిద్ధింపదు. అయినను ఈ సూత్రమువలన మఱియొక తత్త్వము బోధపడుచున్నది. సామాన్యవిధికి లొంగని యొక వంటింటి మాట లోకమున నుండఁగా శాస్త్రకారుఁడు దానిని తప్పని త్రోసివేయలేదు. దానికొఱకు వేఱుగా సూత్రము చేసెను.

నామవ్యుత్పత్తి

కజ్జికాయకు వ్యుత్పత్తి రెండు విధములఁ జెప్పవచ్చును. మొదటిది ఖాద్యశబ్దమునుండి. ద్యకారము ప్రాకృతమున జ్జకారమగును. దానిముందరి దీర్ఘము హ్రస్వమగును. వైద్యుఁడు తెలుఁగున వెజ్జయినట్లు ఖాద్యము కజ్జమైనది. కజ్జమనఁగాఁ బిండివంట యని నిఘంటుప్రసిద్ధము. కజ్జమే కాయరూపమైనది కజ్జికాయ. ఈ మార్గము సుందరమే. కాని కజ్జములోని అకారము ఇకారమగుటకుఁ గారణము చెప్పవలసియున్నది. పిండివంటలలో దీనికే 'కాయ' యను పేరేల వచ్చెనో యదియుఁ జెప్పవలసియున్నది.

రెండవది కరంజశబ్దమునుండి. కరంజమనఁగాఁ గానుగ. కానుగకాయ చదునై, ఒకవైపు వంపు తిరిగి, కొన మొనదేలి, లోపల గింజను బొదివికొని యుండును. గరిజెను దానిప్రక్క నుంచి చూచినవారికి పోలిక వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. మహారాష్ట్రులు ఈ భక్ష్యమును 'కరంజీ' యనుచున్నారు. దీపావళికి విశేషముగాఁ జేయుదురు. కర్ణాటులు 'కరజికాయి', 'కర్జికాయి' యను రెండు రూపములను వాడుదురు. కరంజిలోని బిందువు లోపించి కరజి యైనది. కరణము కర్ణమైనట్లు, పూరణము పూర్ణమైనట్లు, కరజి కర్జి యైనది. ఖర్జూరము ప్రాకృతమున ఖజ్జూరమైనట్లు రేఫము లోపించి, మిగిలిన జకారము ద్విరుక్తమై, కర్జి కజ్జి యైనది. ఈ మార్గమున ఇకారమునకును, కాయశబ్దమునకును వేఱు సమాధానము వెదకఁబనిలేదు. నడిమి మెట్లన్నియు ఏదో యొక ప్రాంతమున నేఁటికిని సజీవముగా నున్నవి. కావున ఇది బలవత్తరముగాఁ దోఁచుచున్నది.

ఇఁక గరిజె. కరజికిని గరిజెకును నడుమ నున్న ముఖ్యభేదము ఆదియందలి సరళము. సంస్కృతకందుకశబ్దము ప్రాకృతమున గకారాదియగుటను హేమచంద్రుఁడు చెప్పియున్నాఁడు. తెలుఁగునందు దీనికి మఱింత సమీపమైన హేతువు కలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి చెప్పినట్లు ప్రథమమీఁదను ద్వంద్వమునందును పరుషములకు గసడదవలు వచ్చును. కూర, కాయ కలిసి కూరగాయ లైనవి. పండుగ పిండివంటల పేర్లు జంటలుగా వరుసలుగాఁ జెప్పఁబడును. 'అరిసెలు' అను మాటకుఁ దరువాత నిలిచిన 'కరిజెలు' గరిజెలగుట సంధిధర్మమే. తఱచు వాడుకచే ఆ సరళము స్థిరపడి, ఒంటిగాఁ బలికినను నిలిచినదని యూహింపవచ్చును.

ఈ పదములు భాషల యెల్లలు దాఁటి సంచరించుట వింత కాదు. కల్యాణిచాళుక్యుఁడు మూఁడవ సోమేశ్వరుఁడు (1126-1138) రచించిన మానసోల్లాసము అన్నభోగప్రకరణమున మండకములను, పోళికలను వర్ణించినది. ఆ కల్యాణి నేఁటి బీదరు మండలములోని బసవకల్యాణము. తరువాతి హైదరాబాదు రాజ్యమున తెలుఁగు, మరాఠీ, కన్నడ మండలములు 1956 వఱకు నొక్క పాలనముక్రింద నుండెను. గౌడవెల్లిమీఁదుగాఁ బోవు రైలుమార్గము చేరునది మరాఠీసీమనే. ఇట్టి చోట కరంజికిఁ జేరువయైన రూపము నిలిచియుండుట స్వాభావికము.

ఫలితము

పైవిచారమువలనఁ దేలినది యిది. రెండవ వ్యుత్పత్తి నంగీకరించినచో గర్జె కజ్జికాయకు వికృతి కాదు. కజ్జికాయలో రేఫము నశించినది, గర్జెలో నిలిచినది. అనఁగా విద్యార్థి వ్రాసినమాట, దిద్దినవాని మాటకంటె మూలమునకు ఒక మెట్టు దగ్గఱగా నున్నది. మొదటి వ్యుత్పత్తి నంగీకరించినను గర్జె వేఱు మూలము గల వేఱు పదమగును గాని తప్పు గాదు. ఏ పక్షమునఁ జూచినను కొట్టివేఁతకు ఆధారము లేదు. కజ్జికాయ యని నేర్పుట మంచిదే. అది గర్జె ప్రక్కన వ్రాయవలసినది, గర్జెమీఁద గాదు.

ఇందు ఆలస్యము చేయరాని కారణము మఱియొకటి కలదు. నేఁడు ఈ భక్ష్యము మిఠాయిదుకాణములలో సిద్ధముగా దొరకుచున్నది. ఇంటఁ జేయుట తగ్గినకొలఁది ముందుగాఁ బోవునవి క్రియాపదములు. తరువాతఁ బోవునవి పనిముట్ల పేర్లు. వస్తువుపేరు మాత్రము పొట్లముమీఁది చీటిపై మిగులును. అదియు నొక్కరూపమే మిగులును. కుడుక, గంటె, గోలించుట మొదలగు మాటలకు అట్టి చీటి కూడ లేదు. పాఠశాలాపండితులు సంక్రాంతిసెలవులకు ముందు విద్యార్థులచేత, తమ యింటఁ జేయు ప్రతివంటకము పేరును, దానికిఁ గావలసిన ద్రవ్యముల, పాత్రల, పనుల పేర్లను పెద్దలనోట విన్నవి విన్నట్లుగా వ్రాయించి, ఊరిపేరుతో భద్రపఱచినచో నిఘంటుకారులకు గొప్ప సామగ్రి సమకూరును. ఆ వ్రాఁతలను ముందుగా దిద్దకుండుట యొక్కటే నియమము.