వెనుకచూపునకు ఆధారమైన తీగ

కారు వెనుకకు నడచునపుడు చోదకుని కంటికి అందని చోటు కొంత యుండును. ఆ చోట నిలిచిన పసిబిడ్డ డిక్కీ అంచుకంటె పొట్టిగా నుండును గనుక మూడు అద్దములును కలిసియు ఆ బిడ్డను చూపజాలవు. 2002లో అమెరికాలో కామెరాన్ గుల్‌బ్రాన్సన్ అను రెండేండ్ల బాలుడు తన యింటి ముంగిటనే, తండ్రి వెనుకకు నడపుచున్న బండి క్రిందబడి అసువులు బాసెను. ఆ పసివాని పేరిట 2008లో శాసనము వెలువడగా, దాని ననుసరించి 2018 మే నాటికి అచ్చట అమ్ముడగు ప్రతి కొత్త కారునకును వెనుక కామెరా తప్పనిసరియైనది. మన దేశమున 2019 జూలై నుండి విధింపబడినది చప్పుడుచేయు సెన్సారు. అది ఏదో యున్నదని హెచ్చరించును గాని యెవరున్నారో చెప్పదు. కావుననే పాత కార్లవారు కామెరాను విడిగా కొని, హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతముల దుకాణములలో బిగింపించుకొనుచున్నారు.

ఈ యంత్రమునకు పూర్వగాథ గలదు. 1956లో జనరల్ మోటార్స్ వారు ప్రదర్శించిన బ్యూక్ సెంచూరియన్ కారులో లోపలి యద్దమే లేదు. తోకయందు టెలివిజన్ కామెరాయు, చోదకుని యెదుట తెరయు నుండెను. ఆ కారు ప్రదర్శనశాల దాటి బజారునకు రాలేదు. 1969లో బెల్ ప్రయోగశాలయందు బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు కాంతిని విద్యుదావేశముగా పట్టియుంచు సి.సి.డి. పలకను కల్పించిన పిదప గాని కామెరాకు లఘుత్వము కలుగలేదు. 1991లో జపానులో టొయోటా సోరర్ కారు ఆ పలకతోనే వెనుకచూపు పొందెను. అటుపిమ్మట ఎరిక్ ఫాసమ్ మొదలగువారు అభివృద్ధిపరచిన సీమాస్ పలక తక్కువ విద్యుత్తుతో పనిచేయుటచేత, ఆ నేత్రము బొటనవ్రేలంత కుదించుకొనిపోయినది.

ఇంత నవీనమైన నేత్రము, పసుపుపచ్చని పిన్ను గల తీగవెంట, సుమారొక వోల్టు సంకేతముగా పంపునది మాత్రము మన పాత టీవీ చిత్రమే: సెకనునకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు. నాచారమునకు అనతిదూరమున, 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. అను ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన ఇ.సి. టీవీలలో మన పెద్దలు చూచినదియు ఆ గీతలనే. నాకిది మిక్కిలి ప్రియమైన సంగతి.

అయితే చూచుట కంటె కష్టమైనది, ఎప్పుడు చూడవలెనో యెఱుగుట. చోదకుడు వెనుకకు పోదలచెనని కామెరాకు చెప్పువారెవరు? రివర్సు గేరు పడగానే వెలుగు చిన్న బల్బు. ఆ బల్బునకు పోవు తీగనుండి ఒక కొనను కామెరాకును, వీడియో తీగతో జంటగా వచ్చు సన్నని యెఱ్ఱతీగ ద్వారా మఱియొక కొనను స్టీరియోకును కలిపినచో, గేరును తెరయును ఒక్కటియగును. పాత కార్లలో ఇంతతో పని ముగియును.

నా కారులో ముగియలేదు. బొమ్మ వచ్చుటయు, చీకటియగుటయు, మరల వచ్చుటయుగా నుండెను. నాచారంలోని ఒక ఎలక్ట్రీషియన్ డిక్కీ లోపలి అట్టను విప్పి, బల్బు తీగపై మీటరు నానించి చూచి, "మీటర్ల మంచిగనే కనవడ్తది సార్, కరెంటు ఆగాగి వస్తున్నది. బల్బుకు చాల్తది గని కామెరాకు చాలదు" అనెను. కొన్ని కొత్త కార్లలో బల్బును కంప్యూటరు నడపును. అది విద్యుత్తును ధారగా గాక, మిక్కిలి వేగముగా తెంపి తెంపి యిచ్చును. వేడెక్కిన బల్బుతంతి ఆ తెంపులను కనబడనీయదు, మీటరు వాటి సగటునే చూపును, కామెరా మాత్రము ప్రతి తెంపునకును ఉలికిపడును.

అతడు తీగల పథమునే మార్చెను. బల్బు తీగను కామెరానుండి విడదీసి, ఒక డయోడును కెపాసిటరును దాటించి రిలే చుట్టకు కలిపెను. కెపాసిటరు ఆ తెంపులను పూడ్చును. తంతివార్తల కాలమునాటి ఆ రిలే, బలహీన విద్యుత్తు ఆజ్ఞాపింపగా బలమైన విద్యుత్తునకు తలుపు తెఱచునది. కామెరాకు వలసిన 12 వోల్టులును ఇపుడు బ్యాటరీనుండి, ప్రత్యేకమైన ఫ్యూజు గుండా వచ్చుచున్నవి; బల్బునకు కబురు చెప్పుట మాత్రమే మిగిలినది. ఎర్తు తీగకై రంగుపూసిన మరను విడిచి, ఇనుము మెఱయువఱకు గీకిన చోటనే బిగించెను. ఆ గీకుడునకు పట్టిన సమయము రిలేకు పట్టిన దానికంటె హెచ్చు.

పిదప అతని సహాయకుడు కారు వెనుక, మావైపు మొగమై, మోకాళ్లపై కూర్చుండి, పసిబిడ్డ యెత్తున కుడి అరచేయి చాచెను. నేను గేరు వేసితిని. తెరపై ఆ చేయి కుడివైపుననే కనబడెను. బొమ్మ అద్దమువలె తిరుగబడియే వచ్చుచున్నదని దానివలన తెలిసెను, లేకున్న స్టీరింగును తప్పువైపునకు త్రిప్పుదుము. ఐదు వ్రేళ్లను లెక్కించితిని. బొమ్మ చెదరలేదు.