అక్షహృదయమును, పల్నాటి పందెమును

గురజాలకును మాచర్లకును నడుమ నున్న ఊరు రెంటచింతల. వేసవి యెండలకు పేరుపడిన ఈ ఊరికి ఇరువైపుల నున్న ఆ రెండు పట్టణములును పండ్రెండవ శతాబ్దమున రాజధానులు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు ఏలిరి. నాయకురాలు నాగమ్మయు బ్రహ్మనాయుడును పట్టిన కోడిపోరులో ఓడి, మలిదేవుని పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచిపోయెను. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యమువలన ఈ కథ విద్యార్థు లెరిగినదే.

ఏ ఆటయందు ఆడువానికి గెలుపు పాలు ఎక్కువ యను ప్రశ్న నేటి క్యాసినోలతో పుట్టినది కాదు. భారతమున నలోపాఖ్యానమునందు ఋతుపర్ణుడు రథముమీదనుండియే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పును. నలుడు దిగి లెక్కించి సరిచూచుకొని, అశ్వహృదయమునకు మారుగా అక్షహృదయమును గ్రహించును. దీనిని మంత్రమని చెప్పి పాఠము దాటించుట నాకు రుచింపదు. చెట్టు కాయల లెక్కను, పాచికల మర్మమును కవి ఒక్కచోట కూర్చుట ఊరక జరిగినది కాదు.

ఆ లెక్కను తరగతిలో చేయించవచ్చును. ఆరు బొమ్మల పటము, మూడు పాచికలు. మన బొమ్మ ఒకటి పడిన రూపాయికి రూపాయి, రెండు పడిన రెండు, మూడు పడిన మూడు లాభము. మూడు పాచికలు గదా, గెలుపు సగము పాలనిపించును. కాని పాచికలు పడు విధములు 216. వానిలో 125 విధములందు మన బొమ్మ ఒక్కటియు పడదు. తక్కినవానిలో వచ్చు లాభము మొత్తము 108. తేడా 17, అనగా నూటికి దాదాపు 8 రూపాయలు ఆట నడుపువానివి.

క్యాసినోలలో ఇంతకంటె మేలైనవి కలవు. 37 గదుల రౌలెట్ చక్రములో ఒక అంకె గెలిచిన 35 రెట్లు లాభమిత్తురు, నూటికి 2.70 పోవును. రెండు సున్నలుండి 38 గదులైనచో 5.26. బకారాలో బ్యాంకరు పక్షమున ఒడ్డిన 1.06 మాత్రమే.

ఇక్కడనే పెక్కుమంది పొరబడుదురు. ఈ 2.70 చేతనున్న సొమ్ముమీద కాదు, ఒడ్డిన ప్రతి రూపాయిమీద. వేయి రూపాయలతో కూర్చుండి నూరేసి చొప్పున 200 మార్లు ఒడ్డినచో, ఒడ్డిన మొత్తము ఇరువదివేలు. సగటున పోవునది 540! బకారాలో 212. మూడు పాచికలందు తెచ్చిన వేయియు చాలదు. ఆట మంచిదగుకొలది నష్టము నెమ్మదించును, లాభముగా మారదు. గోవాలో క్యాసినోలకు అనుమతి కలదు. మన రాష్ట్రమున జూదగృహములను 1974 చట్టము నిషేధించినది. 2020లో ఆన్‌లైను జూదమునకును ఆ నిషేధము వచ్చినది.

ఇప్పుడు పల్నాటి పందెమును లెక్కకు తీసికొనుడు. కపటము జరిగెనని చెప్పుకొందురు. అది యట్లుంచి, రెండు కోళ్లు సమబలములే యనుకొందము. ఆట నడుపువాని వాటా సున్న. క్యాసినోలలో ఇంత మేలైన ఆట దొరకుట అరుదు. కాని ఒడ్డినది ఏడేండ్ల రాజ్యము, పందెమా ఒక్కటే. ఓడినవానికి మరల ఒడ్డుటకు ఏమియు మిగులలేదు. అనుద్యూతమున ధర్మరాజు చేసినదియు ఇదియే. గెలుపు పాలును మాత్రమే చూచి ఆట నెన్నుకొనువాడు, ఓడినచో ఏమి మిగులునను రెండవ లెక్కను విడుచుచున్నాడు.

నలుడును పుష్కరునితో తుదకు సర్వమును ఒక్క పందెముననే ఒడ్డెను. గెలిచి, తమ్ముని భాగము తమ్మునికిచ్చి పంపెను. పల్నాట గడువు తీరినపిమ్మట రాజ్యము నడుగుటకు రాయబారిగా పోయిన అలరాజు తిరిగి రాలేదు.