వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడైతే...

వేడి, నీళ్ళు కలిస్తే వేన్నీళ్ళు అవుతాయని ఇరవై ఏళ్ళుగా కాలేజీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. క్రిందటి ధనుర్మాసంలో మా స్నానాలగదిలో మాత్రం ఆ రెండూ కలవడం మానేశాయి. పదిహేను లీటర్ల గీజరు అరగంటసేపు వేసి ఉంచినా, అర బకెట్టు నిండేసరికి ధార గోరువెచ్చబడిపోయేది. రెండో మనిషి వంతు వచ్చేసరికి చన్నీళ్ళే.

నీళ్ళు చల్లబడిన కొంపలో మాటలు వేడెక్కుతాయి గదా! "షవరు క్రింద నువ్వు గంటసేపు నిలబడితే మిగతావాళ్ళకేం మిగులుతుంది?" అని మా ఆవిడ అబ్బాయిని కోప్పడింది. వాడు ఆ తప్పు చెల్లెలి తలంటు మీదికి నెట్టాడు. నేను పెద్దరికం చూపి, "ఇరవై అయిదు లీటర్లది కొనేస్తే సరి" అని తీర్పు చెప్పేశాను. మా అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కట్టెలపొయ్యి మీద రాగికాగులో నీళ్ళు కాచి, చన్నీళ్ళతో తొరిపి, ఇంటిల్లిపాదికీ స్నానాలు చేయించిన మనిషి.

మా కాలేజీలో ఫిజిక్సు మేష్టారు నా గోడు విని, "కొనేముందు కొలవండి, తెలుగు మేష్టారూ!" అన్నారు. ఆదివారం పొద్దున్నే లాబొరేటరీ థర్మామీటరు జేబులో పెట్టుకుని స్వయంగా వచ్చారు కూడా.

మూడు రకాల 'తక్కువ'

"వేన్నీళ్ళు తక్కువ" అన్న ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయని ఆయన మొదటి పాఠం. మాటలతో బ్రతికే నాకు అది తట్టకపోవడం చిత్రమే.

మొదటిది ధార తక్కువ. నీళ్ళు కాగే వస్తాయి గాని సన్నగా వస్తాయి. చన్నీళ్ళ కొళాయి కూడా అలాగే కారుతుంటే తప్పు గీజరుది కాదు. మేడమీది టాంకు ఎత్తు చాలకపోవడమో, ఎక్కడో వాల్వు సగం మూసి ఉండడమో అయి ఉంటుంది. చన్నీళ్ళు జోరుగా వస్తూ వేన్నీళ్ళే సన్నగిల్లితే, కొళాయి మూతికి ఉండే జల్లెడలోనో, వేన్నీళ్ళ గొట్టంలోనో సున్నపు పెంకు పేరుకుందన్నమాట.

రెండవది వేడి తక్కువ. మొదటి చెంబు నుంచీ గోరువెచ్చదనమే. థర్మోస్టాటు మరీ తక్కువకు త్రిప్పి ఉండవచ్చు. కరెంటు నీరసంగా ఉండవచ్చు. వోల్టేజి కాస్త తగ్గితే వేడి బాగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు లాగే కాయిలు 180 వోల్టుల దగ్గర సుమారు 1225 వాట్లే లాగుతుంది. వేడి, చల్లని నీళ్ళకు ఒకే కొళాయి ఉన్నచోట అది లోపల అరిగి, కట్టేసినా చన్నీళ్ళను వేన్నీళ్ళలోకి వదులుతూ ఉండవచ్చు.

మూడవది పరిమాణం తక్కువ. మొదటి చెంబు పొగలు కక్కుతుంది. ఆ వేడి నిలవదు. మా ఇంటి జబ్బు ఇదే.

లెక్క ఏమంటుంది?

జబ్బు అని తేల్చేముందు ఆరోగ్యం ఎంతో తెలియాలి. మా మేష్టారు కాగితం మీద వేసిన లెక్క ఇది: చలికాలం పొద్దున టాంకు నీరు 20 డిగ్రీలనుకుందాం. 15 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్ల గీజరుకు సుమారు 21 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లకు 35 నిమిషాలు. 180 వోల్టుల నీరసపు కరెంటుతో ఆ 21 నిమిషాల పని 34 అవుతుంది. 60 డిగ్రీల 15 లీటర్లలో అంతే చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్ళు 30 లీటర్లు, అంటే బకెట్టున్నర. అందుచేత పదిహేను లీటర్ల గీజరు ఒకరికి ధారాళంగా, ఇద్దరికి పొదుపుగా సరిపోతుంది. మూడోవారు ఇరవై నిమిషాలు ఆగవలసిందే. అంతకు మించి ఆశిస్తే తప్పు మనది, గీజరుది కాదు.

వంటింట్లో పెట్టే మూడు లీటర్ల, 3000 వాట్ల చిన్న గీజరును స్నానాలగదిలో బిగించుకున్నవారూ ఉన్నారు. లోపల నిలవ ఉన్న మూడు లీటర్లు అయిపోయాక, నిమిషానికి మూడు లీటర్ల ధారను అది 14 డిగ్రీలకు మించి వేడెక్కించలేదు. ధార సన్నగా పెట్టుకుంటేనే దానితో స్నానం.

సున్నపురాతి సీమ

మాది పల్నాడు. నేలంతా సున్నపురాయి, బోరునీళ్ళు కటిక నీళ్ళు. అలాంటి నీటిని కాచినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం విడివడి కాయిలు చుట్టూ తెల్లని పెంకులా కడుతుంది. అప్పుడు వేడి నీటికి సులువుగా అందదు; కాయిలే అతిగా వేడెక్కి చివరికి కాలిపోతుంది. గీజరు వేయగానే లోపల గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడైతే పెంకు బాగా పట్టిందని గుర్తు. కటిక నీళ్ళ ఊళ్ళలో ఏడాదికొకసారి మెకానిక్కు చేత విప్పించి శుభ్రం చేయించడం మంచిది. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. డ్రమ్ముకు పట్టవలసిన తుప్పును తాను మోసి అరిగిపోయే కడ్డీ అది. అది పూర్తిగా అరిగిపోతే తుప్పు డ్రమ్మునే పట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక. గీజరు మూత మనం విప్పరాదు. కొళాయి ముట్టుకుంటే చేయి జిల్లుమన్నా, ప్లగ్గు నల్లబడినా, మెయిను కట్టేసి ఎలక్ట్రీషియనును పిలవాలి. సేఫ్టీవాల్వు నీరు కారుస్తోందని దానికి బిరడా కొట్టకూడదు. లోపలి ఒత్తిడి బయటపడే దారి అదే.

అసలు దొంగ

మేష్టారు గీజరు వేయించి, దీపం ఆరిందాకా ఆగి, స్విచ్చి కట్టించి కొళాయి విప్పారు. రెండేసి లీటర్ల మగ్గుతో పట్టి థర్మామీటరు ముంచారు. మొదటి మగ్గు 55 డిగ్రీలు, మూడోది 47, అయిదోది 41. "కాయిలూ, థర్మోస్టాటూ నిక్షేపంగా ఉన్నాయి. లోపల చన్నీళ్ళు కలిసిపోతున్నాయి" అన్నారు. తరువాత గీజరు అడుగుకు తొంగిచూసి, "ఈమధ్య ఇక్కడ మరమ్మతులేమైనా చేయించారా?" అని అడిగారు. చేయించాం, అక్టోబరులో గోడలకు కొత్త టైల్సు వేయించాం.

ఇలా గోడకు నిలువుగా బిగించే గీజరుకు అడుగున రెండు గొట్టాలుంటాయి. నీలి పట్టీది చన్నీళ్ళు లోపలికి వెళ్ళేది. అది డ్రమ్ము అడుగునే ఆగిపోతుంది. ఎర్ర పట్టీది వేన్నీళ్ళు బయటికి వచ్చేది. అది లోపల దాదాపు పైదాకా వెళుతుంది. వేన్నీళ్ళు తేలిక గనుక పైన నిలుస్తాయి. అడుగున చేరిన చన్నీళ్ళు వాటిని పైకి నెడితే అవి ఎర్రగొట్టంలో పడి మన బకెట్టుకు వస్తాయి. టైల్సు వేశాక గొట్టాలు మళ్ళీ బిగించిన పనివాడు ఆ రెండింటినీ తారుమారు చేశాడు. చన్నీళ్ళు పైనుంచి వేన్నీళ్ళ నెత్తిన పడి కలిసిపోతున్నాయి. సంసారంలో వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు కావచ్చు గాని, గీజరు కడుపులో అది పనికిరాదు! లోపలి ఎర్రగొట్టం తుప్పుపట్టి విరిగినా లక్షణాలు ఇలాగే ఉంటాయట.

ప్లంబరు వచ్చేలోగా, ఎవరు ఎప్పుడు స్నానం చేస్తారో వ్రాయమన్నారు మేష్టారు. మా అమ్మాయి కాగితం తీసుకుంది. "నాయనమ్మా, నువ్వెప్పుడు?"

"మీరంతా బడికీ ఆఫీసుకీ వెళ్ళేవాళ్ళు. మీ తరువాతే. నాకు చన్నీళ్ళే హాయి."

"మరి రోజూ స్నానం చేసి వచ్చి వణుకుతూ దుప్పటి కప్పుకుంటావేం?"

ఎవరమూ మాట్లాడలేదు. నెలన్నరగా ఆవిడ దగ్గుతుంటే మంచువల్ల కాబోలు అనుకున్నాం. మేం పంచుకోవడానికి పోట్లాడుకున్న అర బకెట్టులో ఆవిడ వాటా అడగనే లేదు. మీ ఇంట్లోనూ వేన్నీళ్ళు చాలడం లేదనుకుంటే, మెకానిక్కుకు కబురు చేసేముందు చివర స్నానం చేసేదెవరో కనుక్కోండి.

గొట్టాలు మార్చడం గంట పని. మళ్ళీ కొలిస్తే అయిదో మగ్గు కూడా 55 దాటింది. అంత వేడినీళ్ళు ఒంటిమీద పడితే క్షణాల్లో బొబ్బలెక్కుతాయి గనుక, ముందు చన్నీళ్ళు పట్టి ఆపైన వేన్నీళ్ళు కలపమని పిల్లలకూ అమ్మకూ చెప్పాను. మర్నాడు తెల్లవారుజామున, అందరికంటే ముందు, మా అమ్మ స్నానం చేసి వచ్చింది.

"ఏం నీళ్ళురా నాయనా, మరీ కాగిపోయాయి! రెండు చెంబులు చన్నీళ్ళు తొరుపుకోవలసి వచ్చింది" అని సణిగింది.

ఫిర్యాదు విని అంత సంతోషించడం నాకదే మొదలు.