Hangover: తాగిన మర్నాడు కొరియాలో రక్తం సూప్.. రష్యాలో ఊరగాయ నీళ్లు.. ఇవి నిజంగా పనిచేస్తాయా?

రాత్రి పార్టీ అదిరిపోయింది.. తెల్లారేసరికి తల పగిలిపోతోంది, నోరు పిడచకట్టుకుపోయింది, కడుపులో తిప్పుతోంది. ఈ బాధ ఏ ఒక్క దేశానిదీ కాదు. అందుకే తాగే అలవాటున్న ప్రతిచోటా దీనికో వంటింటి చిట్కా పుట్టింది.

ఈ విషయంలో దక్షిణ కొరియా వాళ్లను కొట్టేవాళ్లు లేరు. అక్కడ ‘హేజాంగ్‌గుక్’ అని దీనికోసమే ఒక సూప్ రకం ఉంది. ఎముకల పులుసులో గడ్డకట్టించిన పశువు రక్తం ముక్కలు, క్యాబేజీ వేసి పొగలు కక్కుతుండగా ఇస్తారు. తెలంగాణలో ‘నల్ల’ తిన్నవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించదు. జియోంజు నగరంలో అయితే సోయా మొలకల సూప్‌లో అన్నం వేసుకుని తింటారు. ఇక సీసాల్లో అమ్మే హ్యాంగోవర్ డ్రింక్స్ అక్కడ పెద్ద వ్యాపారం. అయితే 2025 నుంచి రూల్ మారింది. ‘హ్యాంగోవర్ తగ్గిస్తుంది’ అని లేబుల్‌పై రాసుకోవాలంటే మనుషులపై చేసిన పరీక్షల ఆధారాలు చూపించాల్సిందే.

రష్యాలో కీరా దోసకాయలు ఊరబెట్టిన ఉప్పునీళ్లు తాగేస్తారు. జపాన్‌లో ఉప్పులో ఊరిన ‘ఉమెబోషి’ పండు నోట్లో వేసుకుంటారు. మెక్సికోలో ‘మెనూడో’, టర్కీలో ‘ఇష్కెంబే’.. రెండూ పశువు పొట్ట ముక్కలతో చేసే సూప్‌లే, మన బోటి కూరకు దగ్గరి చుట్టాలన్నమాట.

గమనిస్తే వీటిలో చాలావాటిలో ఉన్నవి రెండే.. ఉప్పు, నీళ్లు. కారణం ఉంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను మందు అణిచేస్తుంది. అందుకే తాగినప్పుడు మాటిమాటికీ మూత్రం వస్తుంది, ఒళ్లు ఎండిపోతుంది. పోయిన నీటిని సూప్ అయినా, మన ఉప్పేసిన మజ్జిగ అయినా తిరిగి ఇస్తాయి. కాస్త ఊరట ఇస్తాయి, అంతే. హ్యాంగోవర్‌ను మాత్రం తీసేయలేవు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష కూడా దీన్ని ఆపే, తగ్గించే మందుకు గట్టి ఆధారం లేదనే తేల్చింది. ఒంట్లోని ఆల్కహాల్‌ను లివర్ తన వేగంలోనే కరిగిస్తుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు.

అన్నిటికన్నా చెడ్డ చిట్కా ‘పొద్దున్నే ఇంకో పెగ్గు’. ఇది చాలా దేశాల్లో ఉంది, మన దగ్గరా ఉంది. కొత్తగా పడిన మందు బాధను కాసేపు కప్పుతుంది, ఆ తర్వాత అది రెట్టింపై వస్తుంది. రోజూ పొద్దున్నే చేయి వణికి, మందు పడితేనే కుదుటపడుతుంటే అది హ్యాంగోవర్ కాదు, మందుకు బానిసైన గుర్తు. అలాంటివాళ్లు డాక్టర్‌ను కలవాలి. సొంతంగా ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

తలనొప్పికి మాత్ర వేసుకునే ముందూ ఆలోచించాలి. ఎక్కువగా తాగేవాళ్లలో పారాసిటమాల్ లివర్‌ను దెబ్బతీయొచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ అయితే కడుపులో పుండ్లకు దారితీయొచ్చు. ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా సూప్ కోసం చూడొద్దు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. నోట్లో నీళ్లు కూడా పోయకూడదు.